గుర్రాలకు గడ్డి వేసిందెవరు?

(శాతవాహనుల సరిహద్దులో సిపాయి, సంసారం, ఊరు)

గౌతమీపుత్ర శాతకర్ణిని గురించి మన కళాశాలల్లో ఏ విద్యార్థిని కదిలించినా ఒక బిరుదు తడుముకోకుండా చెబుతాడు: ‘త్రిసముద్ర తోయ పీత వాహనుడు’. మూడు సముద్రాల నీరు తాగిన గుర్రాలు గలవాడని దాని అర్థం. కొడుకు పోయిన తర్వాత, మనుమడు పులుమావి ఏలుబడి 19వ ఏట, తల్లి గౌతమి బలశ్రీ నాసిక్ గుహలో చెక్కించిన ప్రశస్తిలోనిది ఆ మాట. అప్పటినుంచి నేటి పాఠ్యగ్రంథాల వరకు ఆ గుర్రాలు నీళ్లు తాగుతూనే వున్నవి. కాని గుర్రం నీళ్లతోనే బతకదు. దానికి గడ్డి కావాలి, గింజలు కావాలి, రాత్రికి కట్టుగొయ్య కావాలి. ఒక సముద్రం నుంచి మరో సముద్రానికి పోయే దారిలో ఎన్ని ఊళ్లున్నవి, దండు కదిలిపోయిన మర్నాడు ఆ ఊళ్ల గడ్డివాములు, గరిసెలు ఎట్లా వున్నవి అన్న ప్రశ్న మన పాఠ్యగ్రంథం వేయదు.

ఈ ప్రశ్న నాకు తట్టింది గ్రంథాలయంలో కాదు. కొన్నేండ్ల కింద డిగ్రీ విద్యార్థులను వెంటబెట్టుకొని ధూళికట్ట దిబ్బ చూడబోయాను. ఇది శాతవాహనుల కాలపు మట్టికోట, ఇవి గోడ ఆనవాళ్లు అని మామూలు ధోరణిలో చెప్పుకుపోతున్నాను. వెనుక నిలబడ్డ ఒక అమ్మాయి, దేశ సరిహద్దులో ఎక్కడో కొలువు చేస్తున్న జవాను కూతురు, “సార్, మరి గీ కోట కావలి కాసెటోళ్ల పెండ్లాం పిల్లలు యాడ ఉండేటోళ్లు?” అని అడిగింది. ఆనాడు నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆమెకు నేను బాకీపడ్డ జవాబు.

గోదావరి ఒడ్డున

పూర్వపు కరీంనగర్ జిల్లాలో, ఇప్పుడు పెద్దపల్లి, జగిత్యాల జిల్లాలుగా విడిపోయిన నేలలో, శాతవాహన యుగానికి సాక్ష్యం చెప్పే దిబ్బలు మూడు ప్రధానమైనవి. హుస్సేనివాగు ఒడ్డున ధూళికట్ట. దానికి కొద్ది దూరంలో పెద్దబంకూరు. పెద్దవాగు గోదావరిలో కలిసే చోట కోటిలింగాల. కోటిలింగాల దగ్గర నిలబడి నది కద్దరి చూస్తే కనిపించేది పాత ఆదిలాబాదు జిల్లా నేల. 1960ల చివరినుంచి రెండు దశాబ్దాలపాటు వి. వి. కృష్ణశాస్త్రి మొదలైన పురాతత్వవేత్తలు ఈ దిబ్బలను తవ్వించారు. ధూళికట్టలో మట్టిగోడ, దాని ద్వారం, లోపల ఇటుక కట్టడాలు, సమీపంలో బౌద్ధస్తూపం బయటపడ్డవి. కోటిలింగాలలో సిముకుడి నాణేలతో పాటు, అతనికి ముందే ఇక్కడ నాణేలు వేసుకున్న గోబద, నారన, కంవాయ, సమగోప అనే పాలకుల పేర్లు వెలికివచ్చాయి. ఈ నాణేలతో తెలంగాణ చరిత్ర రెండు వందల యేండ్లు వెనక్కు జరిగిందని మనం గర్వపడ్డాము. గర్వపడవలసిందే.

అయితే రాజుల పేర్ల జాబితా పొడవు కావడంతోనే ప్రజల చరిత్ర పొడవు కాదు. ఆ దృష్టితో చూస్తే మూడింటిలోనూ నాకు విలువైనదిగా తోచేది పెద్దబంకూరు. అక్కడ మూడు పెద్ద ఇటుక ప్రాకారాలు, ఇటుకతో కట్టిన ఇరవైకి పైగా బావులు, మురుగునీరు ఇంకే గుంటలు, ఒక కమ్మరి కొలిమి, రకరకాల ఇనుప పనిముట్లు దొరికాయి. సీసం, పోటిన్ అనే మిశ్రమలోహంతో పోసిన చిల్లర నాణేలు వేల సంఖ్యలో దొరికాయి. ఆ ప్రాకారాలు చూసి దండు విడిదులని తీర్మానించటం తొందరపాటు. కాని ఈ మాత్రం చెప్పవచ్చు: ధూళికట్ట గోడ మీద ఎవడో ఒకడు బల్లెం పట్టుకొని నిలబడాలంటే, ఆ బల్లెం మొన సాగగొట్టే కమ్మరి ఒకడు సమీపంలో వుండాలి, వాడు తాగటానికి బావి వుండాలి, బావి తవ్వినవాళ్లు వుండాలి, కూలి చెల్లటానికి సీసపు బిళ్ల వుండాలి. కోట ఒక్కనాటికీ ఒంటరిగా నిలబడదు.

క్రీ. శ. 79లో మరణించిన రోమన్ రచయిత ప్లినీ, ఆంధ్రులకు ప్రాకారాలున్న 30 నగరాలు, లక్ష కాల్బలం, 2 వేల ఆశ్వికదళం, 1,000 ఏనుగులు వున్నవని రాశాడు. ఈ లెక్క అతనికి చాలా ముందే మెగస్తనీసు విన్నదని పండితుల అభిప్రాయం. ఈ వాక్యం చదివినప్పుడల్లా మనవాళ్లు 30 నగరాల పేర్లు వెతకటంలో పోటీ పడతారు. లక్ష నోళ్ల సంగతి ఎవరికీ పట్టదు. మనిషికి రోజుకొక సేరు గింజలనుకున్నా రోజుకు లక్ష సేర్లు. వెయ్యి ఏనుగుల మేత వేరే. ఈ గింజలు ఏ రాజూ పండించలేదు.

పెద్దబంకూరులో చిల్లర నాణేలతో పాటు రోమన్ చక్రవర్తులు అగస్టస్, టైబీరియస్ల నాణేలు కూడా దొరికాయి. మన భాషల్లోని ‘దీనారం’ అన్న మాటకు రోమన్ల డెనారియస్ మూలం. రోమ్ తన సిపాయికి జీతం లెక్కగట్టింది ఈ డెనారీలలోనే. ఆ సిపాయి ఎట్లా బతికాడో మన సిపాయికంటె బాగా మనకు తెలుసు. కారణం ఒకటే: అతని కాగితాలు కొన్ని మిగిలాయి. అందుచేత మన దిబ్బల మౌనాన్ని అర్థం చేసుకోవటానికి ఒకసారి ఆ దూరదేశపు కావలిగోడ దాకా పోయి రావటం అవసరం.

సిపాయి పద్దు

రోమన్ చక్రవర్తి హేడ్రియన్ క్రీ. శ. 122లో బ్రిటన్ ఉత్తర సరిహద్దున ఇంచుమించు 117 కిలోమీటర్ల గోడ మొదలుపెట్టించాడు. ఆ గోడ పక్కన విందొలండా అనే కోట వున్నది. గోడకంటె ముందే అక్కడ దండు విడిసింది. 1973లో రాబిన్ బర్లీ అనే పురాతత్వవేత్తకు ఆ బురదలో పలచని చెక్కపలకలు దొరికాయి. వాటిమీద సిరాతో రాసిన అక్షరాలు! దస్తావేజులు, హాజరుపట్టీలు, చేబదుళ్లు, ఉత్తరాలు. మన శాతకర్ణులకు ఇంచుమించు సమకాలికమైనవి. సామ్రాజ్యం అనే మాటకు లోపల ఏముంటుందో ఆ పలకలు చూపుతవి.

ఒక హాజరుపట్టీ ప్రకారం ఒక దళంలో 752 మంది. అందులో 456 మంది వేరేచోట్ల పనుల మీద వున్నారు. మిగిలిన 296 మందిలో 31 మంది పనికి రానివాళ్లు: 15 మంది జబ్బుతో, 6 గురు గాయాలతో, 10 మంది కళ్లకలకతో. మహాసామ్రాజ్యపు సరిహద్దును కాచింది కళ్లు పుసులు కట్టిన మనుషులు! మరో పలకలో మస్క్లస్ అనే చిన్న అధికారి, రేపు ఏం చేయమంటారో చెప్పండి, మా వాళ్లకు బీరు అయిపోయింది, పంపించండి అని పైవాడికి రాసుకున్నాడు. ఇంకొకదానిలో ఎవరికో మేజోళ్లు, చెప్పులు, లోదుస్తులు పంపుతున్న వివరం. గాంబాక్స్ అనే సిపాయి పేరిట 2 డెనారీల మిరియాలు రాసివున్నవి. ఆ మిరియాలు మన దక్షిణ దేశపు పడమటి తీరంనుంచి వెళ్లిన సరుకు. మంచు కురిసే కోటలో సిపాయి గంజిలో మన మిరియం పడింది. అతని జీతంలో లెక్కకు వచ్చే నాణెం దక్కను బజారులో తిరిగి పెద్దబంకూరు మట్టిలో మిగిలింది. వర్తకం ఎంత దూరాలను ముడివేసిందో చెప్పటానికి ఇంతకంటె దృష్టాంతం అక్కరలేదు.

కాని సిపాయి సుఖపడ్డాడని ఎవరూ అనుకోరాదు. ఈజిప్టులో దొరికిన క్రీ. శ. 81 నాటి జీతాల పద్దు ఒకటి వున్నది. ఒక సిపాయికి ఒక విడత జీతం 248 ద్రాక్మాలు. దానిలోనుంచి కోతలు చూడండి: గడ్డికి 10, తిండికి 80, చెప్పులకూ పట్టీలకూ 12, పండుగ చందా 20, బట్టలకు 60. మొత్తం 182 పోను చేతికి మిగిలింది 66. దండు తిండి దండుకే అమ్మి, గుడ్డ దండుకే అమ్మి, జీతంలో మూడు వంతులకు దగ్గరగా తిరిగి ఖజానాకు లాక్కున్న పద్ధతి ఇది. ఈ పద్దు చదివిన మన పాఠకులకు షావుకారు చిట్టా గుర్తుకొస్తే తప్పు లేదు.

ఇక సంసారం సంగతి. అగస్టస్ కాలంనుంచి సామాన్య సిపాయి కొలువులో వున్నంతకాలం పెండ్లి చేసుకోరాదు. ఆ నిషేధం క్రీ. శ. 197 ప్రాంతంలో సెప్టీమియస్ సెవెరస్ ఎత్తివేసేదాకా వున్నది. సహాయక దళాలవాడు 25 ఏండ్లు కొలువు చేస్తేగాని పౌరసత్వం రాదు. 25 ఏండ్లు మనిషి బ్రహ్మచారిగా వుండడని చట్టం చేసినవాళ్లకూ తెలుసు. కోటగోడ బయట పూరిళ్లు లేచాయి. ఆ పూరిళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, సారా అమ్మేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు. చట్టం దృష్టిలో ఆ భార్య భార్య కాదు; పిల్లలు అతని పిల్లలు కారు. అయినా విందొలండాలో సిపాయిలు పడుకునే గదుల్లోనే పసిపిల్లల చెప్పులు దొరికాయి. చట్టం కాదన్న సంసారాన్ని చెప్పుల జత రుజువు చేసింది.

అధికారుల భార్యలకు ఈ కష్టం లేదు. క్లాడియా సెవెరా అనే దళాధిపతి భార్య, తన పుట్టినరోజుకు రమ్మని సల్పీషియా లెపిడినా అనే మరో దళాధిపతి భార్యకు రాసిన ఉత్తరం విందొలండాలో దొరికింది. చివరి మాటలు ఆమె స్వయంగా రాసింది. లాటిన్లో స్త్రీ చేతిరాతగా మిగిలిన అతి ప్రాచీనమైనవాటిలో అది ఒకటి. సామాన్యురాలి పేరు తెలియాలంటే మాత్రం ఆమె చావాలి. అదే సరిహద్దులో దొరికిన ఒక సమాధిరాయి రెజీనా అనే ఆమెది. బ్రిటన్ దేశపు ఆడపడుచు; బానిసగా వుండి విడుదలై, సిరియాలోని పామైరా నుంచి వచ్చిన బరాటిస్ అనేవాడికి ఇల్లాలైంది; 30 ఏండ్లకు పోయింది. భర్త లాటిన్ కింద తన సొంత లిపిలో కూడా ఒక దుఃఖవాక్యం చెక్కించుకున్నాడు. చుట్టుపక్కల ఆ లిపి చదవగలవాళ్లు ఎందరుంటారు? పరాయి గడ్డ మీద తన దుఃఖం తన భాషలో వుంటే చాలుననుకున్నాడు.

విందొలండాలో కాపలా వున్నవాళ్లు బటావియన్లు, తుంగ్రియన్లు. వాళ్లూ రోమ్ జయించిన జాతులవాళ్లే. ఒక ఓడిన జాతి బిడ్డ చేతికి బల్లెమిచ్చి ఇంకో ఓడిన జాతి మీద నిలబెట్టటం సామ్రాజ్యపు పాత విద్య. ఒక పలకలో స్థానికులను చులకన చేసే ముద్దుపేరు కూడా కనిపిస్తుంది. ఇంకో పలకలో, సముద్రం అవతలనుంచి వచ్చిన ఒక వర్తకుడు, ఏ పాపమూ ఎరగని నన్ను బెత్తాలతో కొట్టారని మొరపెట్టుకున్నాడు. దెబ్బ తిన్నవాడూ, దెబ్బ కొట్టినవాడూ ఇద్దరూ పరాయివాళ్లే.

ప్రవేశం లేని పొలం

ఇప్పుడు తిరిగి మన గోదావరికి రావచ్చు. కోటిలింగాలను తాకే నీళ్లు పుట్టేది నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో. మన దిబ్బలు కుండలూ నాణేలూ ఇచ్చినవిగాని మాటలు ఇవ్వలేదు. ఆ మాటలు నదికి ఎగువన నాసిక్ గుహల్లో వున్నవి. శాతవాహనులకూ పడమటి క్షత్రపులకూ సరిహద్దు అదే. ఆ నేల నహపానుడి చేతిలోనుంచి గౌతమీపుత్రుడి చేతికి వచ్చింది. 1906లో ఆ ప్రాంతపు జోగళ్‌తంబిలో దొరికిన 13 వేలకు పైగా వెండి నాణేలలో ఎక్కువ భాగం నహపానుడి నాణేల మీద గౌతమీపుత్రుడు తన ముద్ర మళ్లీ కొట్టించినవి. ప్రభువు మారాడు, ముద్ర మారింది. ఊరికి ఏం మారింది?

గౌతమీపుత్రుడి 18వ ఏట ఒక ఆజ్ఞ వెలువడింది. వెలువడిన చోటు రాజభవనం కాదు, విజయస్కంధావారం. అంటే దండు విడిది. గోవర్ధనంలోని అమాత్యుడు విష్ణుపాలితుడికి రాజు రాస్తున్నాడు: కఖడి గ్రామంలో, ఇంతకు పూర్వం ఋషభదత్తుడి అనుభవంలో వున్న 200 నివర్తనాల పొలాన్ని భిక్షువులకిస్తున్నాను, దానికి పరిహారాలు కూడా ఇస్తున్నాను. ఋషభదత్తుడు నహపానుడి అల్లుడు. ఓడినవాడి పొలం గెలిచినవాడు దానం చేశాడు. ఆ పరిహారాలు ఏమిటో గమనించాలి. మొదటిది ‘అప్రవేశ్యం’: ఆ పొలంలో రాజు మనుషులు, సిపాయిలు అడుగుపెట్టరాదు. రెండవది ‘అనవమర్శ్యం’: ఎవరూ దాన్ని ముట్టరాదు. మూడవది: ఉప్పు కోసం తవ్వరాదు. నాలుగవది: జిల్లా అధికారులు జోక్యం చేసుకోరాదు.

దానశాసనాలను చదివే అలవాటు మనకు ఒకవైపునుంచే వున్నది. రాజు ఎంత ఉదారుడు, ఎంత ధార్మికుడు అని. మినహాయింపును తిరగేసి చదివితే నియమం కనబడుతుంది. ఒక పొలంలో సిపాయి అడుగుపెట్టరాదని రాతి మీద చెక్కవలసి వచ్చిందంటే, తక్కిన పొలాలన్నిటిలో అడుగుపెట్టాడన్నమాట. ఒక చోట తవ్వరాదంటే మిగతా చోట్ల తవ్వారన్నమాట. రాజు ఇవ్వగలిగిన గొప్ప వరం బంగారం కాదు, ఏనుగు కాదు. తన సొంత సిపాయి రాకుండా వుండటం! ఆ వరం దొరికింది భిక్షువులకు. కఖడి రైతుకు దొరకలేదు. భారత భూస్వామ్య వ్యవస్థకు మొలకలు వెతుకుతూ 1965లో గ్రంథం రాసిన ఆర్. ఎస్. శర్మ ఈ శాతవాహన పరిహారాల దగ్గర ఆగటానికి కారణం ఇదే. రాజ్యం తన అధికారాన్ని ఊరి మీదనుంచి తీసి దానగ్రహీత చేతిలో పెట్టటం ఇక్కడ మొదలైంది.

కథ అక్కడితో ఆగలేదు. ఆరేండ్ల తర్వాత, 24వ ఏట, రాజూ రాజమాతా కలిసి అమాత్యుడు శ్యామకుడికి మరో ఆజ్ఞ పంపారు. కఖడిలో మేమిచ్చిన పొలం దున్నబడటం లేదు, ఆ ఊళ్లో కాపురం లేదు. కాబట్టి దానికి బదులు నగరం పొలిమేరలోని రాజుగారి పొలం 100 నివర్తనాలు ఇస్తున్నాము అని. దున్నటం లేదు. కాపురం లేదు. శాతవాహన శాసనాలన్నిటిలోనూ నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాటలు ఇవే. ఊరు ఎందుకు పాడుపడిందో శాసనం చెప్పదు. భిక్షువులకు రావలసినది రావటం లేదని మాత్రమే దాని దిగులు. కాని రెండు రాజ్యాల దండ్లు చేతులు మార్చుకున్న నేల మీద వున్న ఊరు అది. దున్నే చేతులు ఎటో పోయాయి. ఎవరూ పారిపోకుండా పొలం బీడు కాదు.

ఇండియాలో యుద్ధం జరుగుతున్నా పక్క పొలంలో రైతు నిశ్చింతగా దున్నుకుంటాడని, సైనికుడు అతని జోలికి పోడని మెగస్తనీసు రాశాడు. దీన్ని మన సంస్కృతి ఔన్నత్యానికి యోగ్యతాపత్రంగా ఎందరో చూపించారు. రాయబారి రాజధానిలో చూసింది, విన్నది రాస్తాడు. కఖడి మాట అతని చెవిన పడే అవకాశం లేదు. యోధుల వర్గం ఇతరుల చాకిరీ మీద హాయిగా బతుకుతుందన్న మాట కూడా ఆ మెగస్తనీసుదే. ఆ రెండో మాటను మనవాళ్లు అంతగా ఉదహరించరు.

ఊరి మీద దండు పెత్తనం ఎట్లా వుండేదో పూర్వపు బళ్లారి జిల్లా మ్యాకదోని శాసనం సూచిస్తుంది. పులుమావి 8వ ఏట, సాంబుడనే గృహపతి ఒక చెరువు తవ్వించాడు. అతని ఊరు వేపూరకం. ఆ ఊరు ఎవరిది? గుల్మికుడు కుమారదత్తుడిది. ఆ జనపదం ఎవరిది? మహాసేనాపతి స్కందనాగుడిది. గుల్మం అంటే కావలిదళం. పేర్ల వరుస చూడండి: పైన రాజు, అతని కింద సేనాపతి, అతని కింద దళాధికారి, అందరి కింద ఊరు. చెరువు తవ్వించినవాడు మాత్రం దండులోవాడు కాడు, ఊరి కాపు. ఈ ఒక్క రాయి మీద పెత్తనమూ ఉత్పత్తీ వేరువేరుగా నిలబడి వున్నవి.

మన దండు ఆడవాళ్ల సంగతి? యజ్ఞశాతకర్ణి 7వ ఏట, చాలా యేండ్లుగా అసంపూర్తిగా పడివున్న నాసిక్ గుహ ఒకదాన్ని పూర్తిచేయించింది వాసు. ఆమె మహాసేనాపతి భవగోపుడి భార్య. శాసనంలో ఆమె హోదా ‘మహాసేనాపత్ని’. భర్త పదవి భార్యకు బిరుదైంది. విందొలండా లెపిడినాకూ నాసిక్ వాసుకూ కులగోత్రాలు వేరైనా వర్గం ఒకటే. అందుకే ఇద్దరి పేర్లూ మిగిలాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు ఛాయాస్తంభాలు చనిపోయిన రాజులకూ సేనాపతులకూ బంధువులు నిలబెట్టినవి. కోట బురుజు మీద చలికి వణికినవాడి ఇల్లాలికి రోమ్‌లో చట్టం అడ్డు వచ్చింది. మన దగ్గర చట్టంతో పని లేకుండానే పేరు పోయింది. ఆమె జాడ కొంత దొరికేది హాలుడి పేరిట వున్న ప్రాకృత గాథల సంకలనంలో. దూరదేశం పోయినవాళ్ల భార్యలు, కత్తిపోట్ల మచ్చలున్న గ్రామణి ఇల్లాలు ఆ గాథల్లో వున్నారు. వాళ్లను శృంగారనాయికలుగా వర్గీకరించి మన అలంకారికులు తృప్తిపడ్డారు. వాళ్లు దండుకు మగవాణ్ణి ఇచ్చిన ఇళ్ల ఆడవాళ్లు కూడా అని సాహిత్య విద్యార్థులమైన మనం గుర్తించవలసి వున్నది.

ఊరి మనవి

మన కఖడి రైతు మాట మనకు మిగలలేదు. అతనివంటివాడి మాట ఒకటి మాత్రం ఇంకోచోట రాతికెక్కింది. క్రీ. శ. 238లో, ఇప్పటి బల్గేరియాలో వున్న స్కాప్తోపరా అనే ఊరివాళ్లు రోమన్ చక్రవర్తి మూడవ గోర్డియన్‌కు అర్జీ పెట్టుకున్నారు. మా ఊళ్లో వేడినీటి ఊటలున్నవి. రెండు దండు విడిదుల నడుమ వున్నాము. సిపాయిలు తమ దారి వదిలి మా ఊళ్లోకి వస్తున్నారు, ఇండ్లలో దిగుతున్నారు, తిండీ వసతీ ఉచితంగా గుంజుకుంటున్నారు. ఒకప్పుడు కాపురాలెక్కువ, ఇప్పుడు తగ్గిపోయాయి. ఇది ఆగకపోతే తాతలనాటి ఇండ్లు వదిలి లేచిపోతాము. మేము పోతే మీ ఖజానాకే నష్టం. ఇదీ దాని సారాంశం. చక్రవర్తి జవాబు? ముందు మీ గవర్నరుకు చెప్పుకోండి అని! పద్దెనిమిది వందల యేండ్లుగా కచేరీలు ఈ జవాబునే ఇస్తున్నవి.

ఈ అర్జీలో ఒక విశేషం మనం మరువరాదు. దాన్ని చక్రవర్తి దగ్గరికి చేర్చినవాడు పైరస్ అనే సిపాయి. ఆ ఊరివాడే. సిపాయిల బాధ పడలేని ఊరు తన గోడు చెప్పుకోవటానికి పంపింది తన కడుపున పుట్టిన సిపాయినే. సిపాయి ఊరికి పీడ, సిపాయి ఊరికి కొడుకు, రెండూ నిజాలే. ఒక్కటే చూసినవాడు సిపాయిని రాక్షసుణ్ణి చేస్తాడు, లేదా వీరుణ్ణి చేస్తాడు. రెండూ కలిపి చూసినప్పుడే రాజ్యం కనిపిస్తుంది. ఊరి కొడుకును జీతానికి తీసుకొని, జీతంలో ముప్పాతిక కోసుకొని, ఆకలితో అతన్ని ఇంకో ఊరిమీదికి తోలేది రాజ్యం.

క్రీ. శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో క్షత్రప రుద్రదామనుడు, పన్నులూ విష్టీ వేసి ప్రజలను పీడించకుండానే సుదర్శన తటాకం బాగుచేయించానని చెప్పుకున్నాడు. విష్టి వేయకపోవటం గొప్పగా చెప్పుకోదగిన సంగతి అయిందంటే తక్కిన రోజుల్లో ఏమి జరిగిందో వేరే చెప్పాలా? ఆ విష్టి మనకు కొత్త మాట కాదు. అదే మన ‘వెట్టి’. నైజాం తెలంగాణలో ఆమిల్దారు ఊరికొస్తే కోడి, గుడ్డు, పాలు, కట్టెలు, బండి, చాకిరీ ఊరే ఇచ్చుకోవాలి. 1946-51 నాటి రైతాంగ పోరాటంలో భూమితో సమానంగా వినబడ్డ నినాదం వెట్టి రద్దు. మా నాయనమ్మ చిన్నతనంలో, ఊరి దిక్కు సర్కారు జవాన్లు వస్తున్నారంటే ఇంట్లో మొట్టమొదట చేసే పని కోళ్లను గంప కింద కమ్మటమట. తర్వాత ఆడపిల్లలను అటక ఎక్కించటం. ‘అప్రవేశ్యం’ అన్న మాట ఆమెకు తెలియదు. దాని అర్థం మాత్రం మనకంటె ఎక్కువ తెలుసు.

అందుచేత ఆ అమ్మాయికి నా జవాబు ఇది. అమ్మా, ధూళికట్ట కావలివాడి పెండ్లాం పిల్లలు గోడకు లోపలనే వున్నారో బయటనే వున్నారో ఏ రాయీ చెప్పదు. కాని వాళ్లు తిన్న గింజ పెద్దబంకూరు, కోటిలింగాల పొలాల్లో పండింది. వాళ్ల మగవాడి బల్లెం ఈ ఊరి కొలిమిలో కాలింది. అతను ఇంకో ఊరిమీద పడ్డనాడు అక్కడ నీవంటి పిల్ల అటకెక్కింది. సరిహద్దు అనేది రాజ్యం అంచున గీసిన గీత అని పటంలో చూపిస్తాము. నిజానికి ఆ గీత ప్రతి ఊరి గరిసెలోనుంచి, ప్రతి ఇంటి వాకిట్లోనుంచి పోయింది.

మన చరిత్ర ఉపన్యాసకులూ, విద్యార్థులూ చేయవలసిన పని చాలా వున్నది. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్లు కోటిలింగాల దిబ్బ దాకా వచ్చాయి. తవ్వని భాగాలను నీటికి వదిలేయటమంటే చదవని పుటలను చించేయటమే. దొరికిన వాటిలోనైనా నాణెం మీద రాజు పేరుకంటె, కొలిమి బూడిదకూ బావి ఒరకూ మనం ఎక్కువ శ్రద్ధ చూపాలి. ప్రతి దానశాసనాన్నీ తిరగేసి చదివే అలవాటు తరగతి గదిలోనే మొదలుపెట్టాలి: ఇక్కడ వద్దన్నది మరెక్కడ జరిగింది? ఎవరికి జరిగింది? ఊళ్లలో ఇంకా బతికివున్న ముసలివాళ్ల దగ్గర కూర్చొని, దండు వచ్చినప్పుడు గంప కింద ఏం దాచేవాళ్లో అడిగి రాసుకోవాలి. మూడు సముద్రాల నీళ్లు తాగిన గుర్రాలను గురించి పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న ఎట్లాగూ వస్తుంది. దాని పక్కన ఈ ప్రశ్న కూడా మన విద్యార్థి రాసుకోవాలి: కఖడి జనం ఎక్కడికి పోయారు?